ఆచూకీ తెలియని ప్రతివాది

వినుకొండ
18 జనవరి 1949

వదినకు హజ్రా సలాం.

ఎనిమిది నెలలుగా ఉలుకూ పలుకూ లేనిదాన్ని ఇప్పుడు పనిబడి రాస్తున్నానని కోపగించుకోవద్దు. మా ఖాతూన్‌కు పదో నెల నిండింది. గోడ పట్టుకుని నిలబడుతోంది. మంచి కబురు అదొక్కటే, అందుకే ముందు రాశాను.

పోయిన శుక్రవారం నమాజు కాగానే మసీదు పెద్దలు దావూద్‌ను ఆగమన్నారట. మరునాడు ముగ్గురు మా ఇంటికే వచ్చారు. దావూద్ దూదేకడం ఆపి, అమ్మకానికి కుట్టిన కొత్త పరుపు పరిచి వాళ్ళను కూర్చోబెట్టాడు. నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను.

"ఒరేయ్ దావూదూ, నీ పెళ్ళాం మొదటి మొగుడు బతికే ఉన్నాడంటగా" అన్నాడు పెద్దాయన. "క్రోసూరు తోళ్ళ వ్యాపారి మహమూద్ కళ్ళారా చూశాడంట. మొగుడు బతికుండగా చదివిన నిఖా ఏం నిఖారా?"

"చచ్చాడని ఎవరన్నారు మామా? ఆచూకీ లేడని కోర్టోళ్ళే తెంపేశారు గదా" అన్నాడు దావూద్.

"అయితే ఆ కాగితం చూపించు."

కాగితం ఎక్కడిది వదినా! పోయిన ఎండాకాలం మా పూరిల్లు అంటుకున్నప్పుడు పెట్టెతో సహా బూడిదైంది. అది చూసి నిఖా చదివిన కాజీ సాహెబు పోయి ఏడాది దాటింది. తలుపు వెనక నుంచే అంతా చెప్పాను. యాకూబ్ ముప్పై తొమ్మిదిలో నన్ను తన అక్క ఇంట్లో, అంటే నీ ఇంట్లో వదిలి రంగూన్ రైసుమిల్లుకు ఇంజను మేస్త్రీగా పోయాడని, నలభై ఒకటి చివర బాంబులు పడ్డాక ఒక్క ఉత్తరమూ రాలేదని, నాలుగేళ్ళు చూసి నలభై ఆరులో నరసరావుపేట మునసబు కోర్టులో విడాకుల దావా వేశానని, డిక్రీ ఇచ్చాక కూడా మనిషి వస్తాడేమో ఆరు నెలలు ఆగమన్నారని, ఆ గడువూ, మళ్ళీ పెళ్ళికి ముందు ఆగవలసిన ఇద్దత్తు రోజులూ గడిచాకే దావూద్‌తో నిఖా అయిందని చెప్పాను. ఓపిగ్గానే విన్నారు. "మాటలు కాదమ్మా, మొహరున్న కాగితం కావాల" అని లేచిపోయారు.

కాగితం వచ్చేదాకా దావూద్ కొట్లోనే పడుకోవాలట. మా అత్త నా చేతి నీళ్ళు తాగడం మానేసింది. నిన్న పిల్ల పాకుతూ దగ్గరికి పోతే "దీన్ని నా ఒళ్ళోకి రానియ్యమాక" అన్నది. పిల్లకు అర్థం కాలేదు, నవ్వింది.

నువ్వు కోర్టుకు నాలుగడుగుల దూరంలో ఉన్నావు. దావా వెయ్యమని నన్ను ఒప్పించిందీ, చెయ్యి పట్టుకుని కోర్టు మెట్లు ఎక్కించిందీ నువ్వే. ఆ డిక్రీ నకలు తీయించి పంపు వదినా.

ఇంకొకటి. అడగకూడదనుకుంటూనే రాస్తున్నాను. మహమూద్ చూశానన్నది సముద్రం వైపు ఎక్కడో ఉన్న మిషను వాళ్ళ కుష్ఠు ఆసుపత్రిలోనట. రంగూన్ నుంచి నడిచి వచ్చానని, పేరు యాకూబ్ అని ఆ మనిషి చెప్పాడట. అది మన యాకూబ్ కాదు గదా?

హజ్రా


నరసరావుపేట
9 ఫిబ్రవరి 1949

హజ్రాకు సుల్తానా దీవెనలు.

మా ఇంటాయనకు, మీ ఇస్మాయిలన్నకు, వారం రోజులు జ్వరం. అందుకని జవాబు ఆలస్యమైంది.

తోళ్ళ వ్యాపారి మాట పట్టుకుని కాపురం రచ్చకెక్కించడమేమిటి? రంగూన్ నుంచి నడిచి వచ్చినవాళ్ళలో యాకూబ్ అనే పేరుగలవాళ్ళు వందమంది ఉంటారు. మన యాకూబ్ వస్తే ఎక్కడికి వస్తాడు? తల్లిలా పెంచిన అక్క ఇంటికి రాడా?

కోర్టు సంగతి నువ్వనుకున్నంత తేలిక కాదు. దావా నంబరు లేకపోతే ఎవరినని అడిగేది? నాకు గుర్తు లేదు. తీరిపోయిన దావాల కట్టలు గుంటూరు పోతాయని చెప్పుకుంటారు. అక్కడి నుంచి తెప్పించాలంటే ఎన్నాళ్ళు పడుతుందో.

నేను ఇంకొక కాగితం మీద విడిగా రాసి దీనితో పెడుతున్నాను. యాకూబ్ సొంత అక్కను, ఏళ్ళ తరబడి వాడి జాడ లేదు, విడాకులైన మాట నిజం అని సంతకం చేశాను. అది మీ పెద్దలకు చూపించు. అక్కకన్నా ఎక్కువ ఎవరికి తెలుస్తుంది? కాలిపోయింది కాలిపోయిందనుకో. ఎనిమిదేళ్ళ నాటి గోతిని మళ్ళీ తవ్వుకోవద్దు.

పిల్లకు ఎండలు ముదరకముందే టీకాలు వేయించు.

సుల్తానా


వినుకొండ
20 ఫిబ్రవరి 1949

వదినకు,

నీ కాగితం చూపించాను. "అక్క మాట అక్కది. మొహరేదీ?" అని తిరిగి ఇచ్చేశారు. ఇరవై రోజుల్లో తేలకపోతే దావూద్ నన్ను విడిచిపెట్టాలని, లేకపోతే మా ఇంట్లో పెళ్ళికీ చావుకూ ఎవరూ రారని చెప్పారు. దావూద్ మొత్తుకునే రకం కాదు, నీకు తెలుసు. వాళ్ళు పోయాక మాత్రం "నేనెక్కడికీ పంపను నిన్ను" అన్నాడు. కానీ పరుపులు కుట్టించుకునేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గుతున్నారు.

పక్కింటి హనుమాయమ్మ పిన్ని మజ్జిగ తెచ్చిచ్చి "కాగితం ముక్క కోసం ఇంత ఏడుపేందే? అది నరసరావుపేట కోర్టులోనే ఉంటది గదా, పోయి అడుగు" అన్నది. చదువులేని మనిషికి తట్టింది నీకెందుకు తట్టలేదో నాకు అర్థం కావడం లేదు వదినా. మనిద్దరం రెంటచింతల మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివినవాళ్ళం.

గుర్తున్నవన్నీ రాస్తున్నాను. దావా వేసింది నలభై ఆరు ఫిబ్రవరిలో. డిక్రీ వచ్చింది జూలైలో, ఆ రోజు జోరున వాన, మనం వకీలు గదిలో పొద్దుగూకేదాకా కూర్చున్నాం. వాదిని నేను. మొదటి ప్రతివాది యాకూబ్. అతనికి కావలసినదానివని నిన్నూ ప్రతివాదిగా చేర్చారు, నీకు కోర్టు నుంచి సమను కూడా వచ్చింది. వకీలు దగ్గర నెహెమ్యా అనే గుమస్తా ఉండేవాడు, పొడుగ్గా, కళ్ళజోడుకు దారం కట్టుకుని. ఆయన్ను వెతుకు.

నువ్వు పోనంటే నేనే పిల్లను చంకనేసుకుని రైలెక్కుతాను.

హజ్రా


నరసరావుపేట
7 మార్చి 1949

హజ్రాకు,

రావద్దు. నేనే వెళ్ళాను.

వకీలు గారు పోయినేడు చనిపోయారు. నెహెమ్యా ఇప్పుడు ఇంకొకరి దగ్గర చేరాడు. కోర్టు వరండాలో చివరి బల్ల దగ్గర కూర్చుని అర్జీలు రాస్తున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి "రంగూన్ దావా గదమ్మా మీది" అన్నాడు.

"నంబరు లేదు నెహెమ్యా."

"నంబరు లేకపోతే కొంప మునగదులే. పార్టీల పేర్లు, ఏ ఏడు వేశారో చెబితే దావా రిజిస్టరు వెతకమని అర్జీ పెట్టుకోవచ్చు. దానికో స్టాంపు అంటించాల. నంబరు దొరికినాక నకలుకు ఇంకో అర్జీ. నువ్వు కూడా ఆ దావాలో పార్టీవే గాబట్టి నువ్వడిగితే ఇస్తారు."

మొదటి అర్జీ రాసిచ్చాడు, సంతకం చేశాను. నాలుగు రోజుల తరువాత రమ్మన్నారు. వెళితే నంబరు దొరికింది. 1946వ సంవత్సరం అరవై ఒకటో నంబరు దావా. నెహెమ్యా ఆ అంకె చీటీ మీద రాసి నా చేతిలో పెట్టి, నా ముఖం చూసి, నీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు.

కట్ట గుంటూరులో ఉంది. నకలు అర్జీ పెట్టాను. అది వచ్చాక ఎన్ని పుటలో లెక్కగట్టి, కోర్టు గోడమీద పేరు రాస్తారు. అప్పుడు నకలు రాసే కాగితాలు మనం కొనివ్వాలి. నెల పట్టవచ్చు. అర్జీ పెట్టినట్టు రసీదు ఇచ్చారు, అది దీనితో పంపుతున్నాను. కోర్టు మొహరు ఉంది. అది చూపించి గడువు అడుగు.

రోజూ పొద్దున వెళ్ళి గోడ చూసి వస్తాను.

సుల్తానా


నరసరావుపేట
16 ఏప్రిల్ 1949

హజ్రాకు,

డిక్రీ నకలు రిజిస్టరు టపాలో పంపుతున్నాను. రెండు పుటలు. ఇంగ్లీషులో ఉంది. మీ ఊళ్ళో బడిపంతులు చేత చదివించు. కింద ఎర్ర సిరాతో రాసినది కూడా చదవమను. గడువులోపల డిక్రీ రద్దు చెయ్యమని ఎవరూ అర్జీ పెట్టలేదని అందులో ఉంది. మీ పెద్దలకు కావలసింది అదే.

ఇంతటితో ఆ దావా ముగిసింది. ఈసారి కాగితాన్ని రేకుడబ్బాలో పెట్టుకో. ఇంక ఆ కోర్టు ఊసు ఎత్తవద్దు. నేనూ ఎత్తను.

సుల్తానా


వినుకొండ
28 మే 1949

సుల్తానా బీ గారికి,

మీరు పంపిన నకలు చెల్లింది. బడిపంతులు అంతోని గారు మసీదు అరుగు మీద కూర్చుని చదివి తెలుగులో చెప్పారు. "బతికున్నా లేకున్నా గడువులో రాలేదు గాబట్టి తెగినట్టే. నిఖా ఖాయం" అన్నారు పెద్దలు. దావూద్ ఇంటికి వచ్చాడు. మా అత్త ఏమీ జరగనట్టు పిల్లను ఎత్తుకుని వీధిలోకి పోయింది. మీరు చేసిన ఆ మేలు మరచిపోను.

మిగతాది కూడా రాస్తాను.

ఆ వారంలోనే మహమూద్ మా కొట్టుకు వచ్చాడు. దావూద్ ఎదుటే నిలదీశాను.

"నీ అబద్ధం వల్ల నా కాపురం ఏమయ్యేదో తెలుసా?"

"అబద్ధం ఆడితే నాకేం ఒరుగుద్దమ్మా? నేను చూసిందే చెప్పా. మా మేనమామ మంచం పక్క మంచమే ఆయంది. ఇంజన్ల మేస్త్రీ అంట. చేతులు పోకముందు ఆ ఆసుపత్రి నీళ్ళ ఇంజను ఆయనే బాగుచేసేవాడంట. ఏటా రంజాను ముందర నరసరావుపేట నుంచి అక్క వచ్చి చూసిపోతదని మా మామ చెప్పాడు."

తరువాత పుట్టింటికి వెళ్ళి వస్తానని అత్తతో చెప్పి నరసరావుపేటలో దిగాను. మీ వీధి చివర దాకా వచ్చి వెనక్కి తిరిగాను. కోర్టు వరండాలో నెహెమ్యా దగ్గరికి వెళ్ళి, డిక్రీ కాకుండా ఆ కట్టలో ఇంకేమేమి ఉన్నాయని అడిగాను.

"సాక్షుల వాంగ్మూలాలు, తీర్పు ఉన్నయ్యమ్మా. అప్పుడే తీయించమంటారా అంటే మీ వదిన వద్దంది" అన్నాడు.

"నాకిస్తారా?"

"వాదివి నువ్వు. నీ దావా కాగితాలు నీకియ్యనంటానికి లేదు."

నిన్న రెండోసారి వెళ్ళి తెచ్చుకున్నాను. నెహెమ్యా చదివి తెలుగులో చెబుతుంటే నేను పెన్సిలుతో రాసుకున్నాను. మీ మాటలు మీకే రాసి పంపుతున్నాను, మరచిపోయి ఉంటారు.

"నేను మొదటి ప్రతివాదికి అక్కను. అతను పెళ్ళికి ముందూ తరువాతా నా ఇంట్లోనే ఉన్నాడు. 1941 నవంబరులో కడపటి ఉత్తరం వచ్చింది. ఆ తరువాత అతని వద్ద నుంచి గాని, అతన్ని గురించి గాని నాకు ఏ కబురూ రాలేదు. అతను జీవించి ఉన్నదీ లేనిదీ నాకు తెలియదు. దావాకు నాకు ఆక్షేపణ లేదు."

కింద మీ సంతకం ఉందట. పక్కన ప్రమాణం చేయించినట్టు రాశారట. మునసబు గారు తీర్పులో "సొంత అక్కకు అబద్ధమాడవలసిన అవసరం కనబడదు" అని రాశారు. మీ ఒక్క మాట మీదనే డిక్రీ ఇచ్చారు.

జవాబు ఒక్క ముక్క చాలు. 1946లో మీరు బోనెక్కి ఆ మాట చెప్పిన రోజుకు, యాకూబ్ బతికి ఉన్నట్టు మీకు తెలుసా, తెలియదా?

హజ్రా బీ


నరసరావుపేట
6 జూన్ 1949

హజ్రా,

తెలుసు.

ఒక్క ముక్క చాలన్నావు. కానీ అంతటితో ఆపితే నీకు సగమే తెలుస్తుంది.

నలభై ఐదు ఆగస్టులో ఉత్తరం వచ్చింది. వాడి చేతిరాత కాదు. ఎవరి చేతనో రాయించాడు. దర్గాకు మొక్కు ఉందని మీ ఇస్మాయిలన్నకు చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. నువ్వు నాకు దారికి రొట్టెలు చేసి మూటగట్టి ఇచ్చావు.

వాడు ఆ ఆసుపత్రి వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నేను గుర్తుపట్టక దాటిపోయాను. "అక్కా" అని పిలిస్తే గొంతుబట్టి తెలిసింది. అడవుల్లో పడి నడిచి వచ్చేటప్పుడే పాదానికి స్పర్శ పోయిందట. ముల్లు దిగినా తెలియలేదట. కలకత్తాలో డాక్టరు చూసి చెప్పాడట. ఆ తరువాత ఇంటికి రావడానికి మనసొప్పక మూడేళ్ళు ఎక్కడెక్కడో తిరిగి, చివరికి అక్కడ చేరాడు.

"హజ్రా ఎట్టుందక్కా?" అన్నాడు.

"నీ కోసం చూస్తావుంది. ఇంటికి పోయి చెబుతా, రేపే తీసుకొస్తా" అన్నాను.

"చెప్పమాక. చెబితే వస్తది. వస్తే పోదు."

"మొగుడివిరా దానికి. పోక ఏం చేస్తది?"

"అందుకే చెప్పమాకంటున్నా. దానికి ఇరవై నాలుగేళ్ళు. ఈ కంచెలో ఉండి నా పుండ్లు కడుగుతా ముసలిదైపోద్ది. నాలుగేళ్ళు జాడ లేకపోతే కోర్టు విడదీస్తదంట, ఇక్కడొక గుమస్తా ఉన్నాడు, ఆయన చెప్పాడు. డిసెంబరు దాటితే నాలుగేళ్ళు. నువ్వు నాకు తల్లివక్కా. ఈ ఒక్కటి చెయ్యి."

రెండు రోజులు వాదించాను. చివరికి వాడు అన్నం మానేశాడు. ఒప్పుకుని వచ్చాను.

అంతా వాడికోసమే చేశానని చెబితే అదీ అబద్ధమే అవుతుంది. నాకు ఇద్దరు కూతుళ్ళు, అప్పటికి ఇద్దరికీ పెళ్ళి కాలేదు. మేనమామకు ఆ జబ్బు అని తెలిస్తే మా గడప ఎవరు తొక్కుతారు? ఆ ఆలోచన కూడా నా కడుపులో ఉంది. తిరుగు రైల్లో ఉండగానే పుట్టింది.

బోనులో నిలబడ్డప్పుడు నువ్వు ఎదురుగా బల్లమీద కూర్చుని ఉన్నావు. నేను చెబుతున్న ఒక్కొక్క మాటకూ నీ తల వంగిపోయింది. నేను ఏడ్చాను. పాపం, తమ్ముడి కోసం ఏడుస్తోంది అనుకున్నారు. మునసబు గారు నన్ను కాసేపు కూర్చోమన్నారు.

ఇంకో సంగతి వింటే నువ్వు నన్ను ఎప్పటికీ క్షమించవు. డిక్రీ అయిన ఏడాదికి, వేరే ఎవరిదో సంగతి అన్నట్టు నెహెమ్యాను అడిగాను. మొగుడికి కుష్ఠు ఉంటే, ఆ కారణం మీదే అదే చట్టం కింద విడాకులు ఇస్తారట. నేను అబద్ధ ప్రమాణం చెయ్యవలసిన అవసరమే లేదన్నమాట. ఉన్నది చెప్పినా నీకు కాగితం వచ్చేది. కానీ ఉన్నది తెలిస్తే నువ్వు దావా వేసేదానివా హజ్రా? వాడికి తెలుసు వెయ్యవని. నాకూ తెలుసు.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు సాకులు రాసింది ఇందుకే. కట్ట విప్పితే నా మాట బయటపడుతుందని.

ఈ ఉత్తరం తీసుకెళ్ళి కోర్టులో ఇస్తానన్నా ఇవ్వు. అబద్ధపు సాక్ష్యానికి జైలు వేస్తారని నాకు తెలుసు. కానీ డిక్రీ మీదకు వస్తుందేమో, నీ బిడ్డకు ఏమవుతుందో ముందు ఆలోచించుకుని ఇవ్వు.

సుల్తానా


వినుకొండ
25 జూన్ 1949

సుల్తానా బీ గారికి,

మీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. నా బిడ్డ కోసం పెట్టాను, మీ కోసం కాదు.

అంతకుముందు దావూద్‌కు చదివి వినిపించాను. చాలాసేపు దూదిలో గింజలు ఏరుతూ కూర్చున్నాడు. "పోయి చూడాలని ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "చూడకపోతే నువ్విట్టా నిలవలేవు. నేనూ వస్తా. లోపలికి మాత్రం రాను" అన్నాడు. పిల్లను హనుమాయమ్మ పిన్ని దగ్గర వదిలి వెళ్ళాం.

దావూద్ ఆసుపత్రి కంచె బయట ఆగిపోయాడు. లోపల ఒక నర్సమ్మ, కృపమ్మ అని, నన్ను తీసుకెళ్ళి పది బారల దూరంలో గీత గీసినట్టు నిలబెట్టింది. "అంతకన్నా దగ్గరికి పోవద్దమ్మా. ఆయనకు చూపు సరిగా ఆనదు, గట్టిగా పలుకు" అన్నది.

నేను చూస్తూ నిలబడ్డాను. మీరు అతను ఎలా ఉన్నాడో రాయలేదు. నేనూ రాయను.

"ఎవరది? అక్కా?" అన్నాడు.

"కాదు" అన్నాను.

అంతే. తల తిప్పేసుకున్నాడు. అటు తిరిగే "ఎందుకొచ్చావ్?" అన్నాడు.

"నన్ను అడక్కుండా నా సంగతి తేల్చేశారు గదా, మీరిద్దరూ. ఎందుకని అడగటానికొచ్చా."

"అడిగితే ఏమనేదానివి?"

"వచ్చేదాన్ని."

"అందుకే అడగలా."

నేను నోటికొచ్చినవన్నీ అన్నాను వినేవాళ్ళున్నారని కూడా చూడకుండా. నాలుగేళ్ళు తపాలా బంట్రోతు ఎదురైనప్పుడల్లా ఉత్తరముందా అని ఎలా అడిగేదాన్నో, రంగూన్‌లో చచ్చి కుక్కల పాలయ్యాడేమోనని ఎన్నిసార్లు అనుకున్నానో అన్నీ చెప్పాను. అడ్డు రాలేదు. అంతా విని, "బిడ్డ ఎవరి పోలిక?" అన్నాడు. వాళ్ళ నాయన పోలిక అన్నాను. "మంచోడేనా?" "బయట నిలబడున్నాడు." "నిన్ను ఇక్కడికి తీసుకొచ్చాడంటే మంచోడే."

తరువాత అడిగాడు, "కోర్టోళ్ళు నన్ను గురించి ఏమని రాశారు?"

నా దగ్గర తెలుగులో రాసుకున్న కాగితం ఉంది. చదవమన్నాడు. నేను ఆ దూరం నుంచి గట్టిగా చదివాను. "మొదటి ప్రతివాది షేక్ యాకూబ్, వయస్సు సుమారు ముప్పై ఏళ్ళు, పూర్వం నరసరావుపేట, ప్రస్తుతం ఆచూకీ తెలియదు. సదరు ప్రతివాది నాలుగేళ్ళకు మించి కనబడనందున, వాదికీ అతనికీ గల వివాహం ఇందుమూలంగా రద్దు చేయడమైనది." చుట్టుపక్కల మంచాల మీదివాళ్ళు లేచి కూర్చుని విన్నారు.

"బాగా రాశారు" అన్నాడు. "మా అక్కను తిట్టమాక. నేనే చేయించా. ఇంక పో, ఎండెక్కుతోంది."

నేను కదలకపోతే తనే లేచాడు. కర్ర పట్టుకోవడానికి వేళ్ళు లేవు. మోచేతి మడతలో ఇరికించుకుని, గోడ వెంబడి లోపలికి పోయాడు. వెనక్కి చూడలేదు.

మీరు నా బతుకు చెడగొట్టారని అనను. నాకు ఇల్లుంది, బిడ్డ ఉంది, మంచి మనిషి ఉన్నాడు. అది మీరిద్దరూ నాకు ఇచ్చిందే. కానీ అతని పుండ్లు కడగాలో వద్దో చెప్పవలసింది నేను. మీరు గాదు, మునసబు గారు గాదు, ఆఖరికి అతను కూడా గాదు. ఆ బోనులో మీరు చెప్పింది మీ మాట అయినా, తాకట్టు పడింది నా బతుకు.

ఇక నాకు రాయవద్దు.

హజ్రా బీ


నరసరావుపేట
23 ఆగస్టు 1949

హజ్రాకు,

రాయవద్దన్నావు. ఇది రాయకుండా ఉండలేను.

యాకూబ్ శుక్రవారం మధ్యాహ్నం పోయాడు. రంజాను పండుగ తరువాత నుంచి జ్వరమట. కాలి పుండు విషమించిందట. తంతి అందేసరికి ఆలస్యమైంది. నేను చేరేటప్పటికి కడిగి, గుడ్డ చుట్టి ఉంచారు. ఈసారి ఇస్మాయిల్ కూడా వచ్చాడు. అంతా చెప్పేశాను ఆయనకు. రైల్లో నాకు దూరంగా వేరే బల్ల మీద కూర్చున్నాడు. అక్కడ మాత్రం జనాజా మొయ్యడానికి మనుషులు చాలకపోతే తనే భుజం పట్టాడు. ఆసుపత్రి వెనక సరుగుడు చెట్ల అవతల మనవాళ్ళకు వేరే జాగా ఉంది. అక్కడ పెట్టారు.

తరువాత ఆఫీసు గదిలో కూర్చోబెట్టి పుస్తకంలో రాసుకున్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు అడిగారు. చచ్చిపోయినవాడికి నువ్వేమవుతావు అన్నారు. అక్కను అన్నాను.

"భార్య ఉందా?"

లేదన్నాను.

"బిడ్డలు?"

లేరన్నాను.

సంతకం పెట్టమన్నారు. కలం రెండుసార్లు తీసుకుని కింద పెట్టాను హజ్రా. ఈసారి నేను చెప్పింది నిజమే. కోర్టు కాగితమే సాక్ష్యం ఉంది. అయినా బోనులో పెట్టిన సంతకంకన్నా ఇది బరువుగా ఉంది. కృపమ్మ నా మణికట్టు పట్టుకుంటే పెట్టాను.

నువ్వు వెళ్ళి వచ్చాక నీ మీద కోపమా అని కృపమ్మ అడిగితే, "కోపమేందమ్మా, దాని గొంతు ఇంకా అట్టాగే ఉంది" అన్నాడట.

ఇస్మాయిల్ ఇంటికి వచ్చాక ఒకే ఒక మాట అన్నాడు. "నాకు చెబితే ఇంటికి తెచ్చుకునేవాళ్ళం గదే, దొడ్లో గది వేసి" అన్నాడు. కూతుళ్ళ పెళ్ళిళ్ళ సంగతేమిటని నేనంటే, "కాకపోతే పోయేయి" అన్నాడు. నాలుగేళ్ళు నేను ఎవరికి భయపడ్డానో నాకే తెలియడం లేదు.

వచ్చే నెల ఇరవై ఏడున నలభయ్యో రోజు. రమ్మని పిలిచే ముఖం నాకు లేదు. తెలియజేశానంతే.

సుల్తానా


వినుకొండ
3 సెప్టెంబరు 1949

వదినకు,

నీ ఉత్తరం అందింది. చదివి దావూద్‌కు ఇచ్చాను. చదవడం రాని మనిషి, ఊరకే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు కొట్టు తెరవలేదు. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడు.

మొగుడు పోయినదానిలా నేను ఇద్దత్తు పట్టడానికి లేదు. ఇంకొకరి భార్యను. గాజులు తీయడానికి లేదు, గట్టిగా ఏడవడానికి లేదు. మా అత్త వింటే ఎవరి కోసమని అడుగుతుంది. పిల్లకు ముద్ద కలిపి పెడుతూ, నూతి దగ్గర నీళ్ళు తోడుతూ, వారమంతా మామూలుగా తిరిగాను. మూడోరోజున హనుమాయమ్మ పిన్ని నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా నా బిందె కూడా తనే మోసుకొచ్చి పెట్టింది.

నేను నిన్ను క్షమించలేదు. ఇక ముందైనా చెయ్యగలనో లేదో తెలియదు. నెహెమ్యా చదివిన నీ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. పొయ్యి ఊదుతుంటే గుర్తొస్తాయి. వాటిని ఎలా మరచిపోవాలో తెలియడం లేదు.

కానీ వారం నుంచి ఇంకొక ఆలోచన నన్ను వదలడం లేదు. రంగూన్ పోకముందు అతను ఎలా ఉండేవాడో, ఇంజను నూనె మరకల చొక్కాతో అన్నానికి కూర్చుంటే నువ్వు ఎలా కసురుకునేదానివో, నవ్వేటప్పుడు ఎడమ కన్ను ఎలా ముందు మూతపడేదో, అవన్నీ తెలిసినవాళ్ళం ఈ భూమ్మీద మనిద్దరమే మిగిలాం. ఇక్కడ నేను అతని పేరు ఎత్తడానికి లేదు. నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు.

ఇరవై ఏడున పొద్దుటి రైలుకు వస్తున్నాను. దావూద్, పిల్ల కూడా వస్తారు. స్టేషనుకు ఎవరినీ పంపవద్దు. ఇల్లు నాకు తెలుసు.

హజ్రా